కాటా సారుకు చదివి వినిపించిన తెర

మొన్న ఒక మధ్యాహ్నం మా కాలేజీ స్టాఫ్ రూములో కరెంటు పోయి వచ్చింది. నా బల్ల మీది కంప్యూటరు ఆరిపోయి, మళ్ళీ లేచే దారిలో నల్లటి తెర మీద నాలుగు తెల్ల వాక్యాలు పరిచి అక్కడే నిలబడిపోయింది. ఇట్లాంటప్పుడు మనుషులు ఏదో ఒక మీట నొక్కుతారు, లేదా అటెండరును పిలుస్తారు. నేను కుర్చీ వెనక్కి జరుపుకుని పై వాక్యం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఒకటి చదివి ఆగాను. రెండోది చదివి ఆగాను.

పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుతున్న ఎకనామిక్స్ మేడం తల ఎత్తింది. “ఎవురికి చెప్తాండావు మేడం?” అంది.

“ఎవరికీ కాదు. నీ మార్కులు నువ్వు వేసుకో” అన్నాను. నా నోటి సంగతి తెలిసిన మనిషి కాబట్టి మళ్ళీ తల దించుకుంది. నేను మాత్రం చాలాసేపు ఆ అక్షరాల ముందే ఉండిపోయాను. కిటికీలోంచి ఎండ వచ్చి తెర మీద పడింది. అక్షరాలు కరిగిపోయి ఆ నల్లటి అద్దంలో ఒక వసారా, ఒక బెంచీ, కంప్యూటరుకు వీపు పెట్టి వీధి వైపు మొహం పెట్టుకుని చెనక్కాయలు ఒలుస్తున్న ఒక మనిషి కనిపించారు.

ఆయన పేరు రాయను. రాసినా కడపలో సగం మందికి తెలియదు. అందరికీ ఆయన కాటా సారు. మంగంపేట ముగ్గురాళ్ళ గనుల దగ్గర లారీలు తూచే కాటా గదిలో ఉద్యోగమంతా గడిపిన మనిషి. తూకానికి కంప్యూటరు పెట్టిన కొత్తల్లో అది మొరాయిస్తే బాగుచేసేవాడు కడప నుంచి రావడానికి రెండు రోజులు పట్టేదట. ఆ రెండు రోజులూ తెల్లటి దుమ్ములో, ఎండలో వరుసగా నిలబడ్డ లారీల డ్రైవర్లు ఆయన కిటికీ ముందుకొచ్చి ఏమీ అనకుండా ఊరికే నిలబడేవాళ్ళట. “తిట్టినా బాగుండు. ఊరికే సూస్తారు గదా, దానికి తట్టుకోలేక నేర్సుకుంటి” అనేవారు.

రిటైరయ్యాక కడపలో పాత చర్చి వెనక సందులో చిన్న ఇల్లు. బోర్డు లేదు, షాపు కాదు. ఉన్న ఆపరేటింగ్ సిస్టం పక్కనే ఇంకో సిస్టం ఎక్కించబోయి, పాతదీ కొత్తదీ లేవక మొరాయించిన కంప్యూటర్లు ఒళ్ళో పెట్టుకుని పిల్లలు ఆ వసారాలో వరుసగా కూర్చునేవాళ్ళు, జ్వరం వచ్చిన బిడ్డల్ని ఎత్తుకున్నట్టు. వసారాకు ఆకుపచ్చ నెట్ గుడ్డ కట్టి ఉండేది. మధ్యాహ్నాలు అందులోంచి పడే వెలుగులో అందరి మొహాలూ నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించేవి. చర్చిలో ఎవరో పాట సాధన చేస్తూ ఒకే చరణం దగ్గర మళ్ళీ మళ్ళీ ఆగిపోయేవారు. ఆ సందులోకి వెళ్ళినప్పుడల్లా నాకు గడియారం చూసుకోవాలని గుర్తుండేది కాదు.

ఆయన కంప్యూటరును ముట్టుకునేవారు కాదు. తిరిగి చూసేవారు కూడా కాదు. “చదువు” అనేవారు. “పైనుంచి. ఒక లైను చదివి ఆపు.”

ఎవరైనా “పాడైపోయింది సార్” అన్నారనుకోండి, ఒలుస్తున్న కాయ పళ్ళెంలో పెట్టేసేవారు. “పాడైపాయనేది తీర్పు. నాకు తీర్పు వొద్దు, సాక్ష్యం గావాల. ఏం రాసిందో అది చెప్పు.” ఇంగ్లీషు రానివాళ్ళను అక్షరం అక్షరం చెప్పమనేవారు. నేను వెళ్ళిన మొదటి రోజు నా ముందున్న నర్సింగ్ పిల్ల అట్లాగే చెప్పింది. జీ, ఆర్, యూ, బీ.

“దాని ఎనక రెస్క్యూ అని ఉండాదా, ల్యాదా?”

“ఉంది సార్.”

“గీత మినుకుమినుకు మంటాందా, నిలబడిపోయిందా?”

“మినుకుతాంది సార్.”

“సరే, బతికే ఉండాది. గ్రబ్ అనేది సిస్టంను నిద్ర లేపేది. ఒట్టి గ్రబ్ అంటే ఇల్లు దొరికింది గానీ లోపలేముందో గుర్తు రాలేదని. రెస్క్యూ అంటే ఇల్లే దొరకలేదని. మనం అడ్రసు చెప్పల్ల, అంతే. ఏడవాకు.” ఆ పిల్ల ఏడుస్తున్నట్టు నాకు కూడా తెలియదు. గొంతులో ఏమీ వినిపించలేదు. ఆయనకు ఎట్లా తెలిసిందా అనుకుని ఊరుకున్నాను.

ఇక నా సంగతి చెప్పాలి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టిన మొండిదాన్ని. ఆలూరు తట్టు పల్లెల్లో కరువు పనులకు పోయి మట్టి మోసిన ఆడవాళ్ళు పాడుకున్న పాటలు నా విషయం. మూడేళ్ళు సెలవులన్నీ బస్సుల్లో గడిపి ముప్పై ఏడు మంది అవ్వల గొంతులు ఫోనులో ఎక్కించుకుని ల్యాప్‌టాప్‌లో దాచాను. అందులో నలుగురు అప్పటికే లేరు. ఆ గొంతుల్లో గాలి చప్పుడు తీసేసే పరికరం ఒకటి ఉందని, అది ఇట్లా పక్కన ఎక్కించుకునే రెండో సిస్టంలో బాగా నడుస్తుందని మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరరు అన్నాడు. అని ఊరుకోక, “అది మీ వల్ల కాదులే మేడం, ఆదివారం నేనొచ్చి వేసిస్తా” అన్నాడు. ఆదివారం దాకా నేనెందుకు ఆగుతాను?

ఎక్కించడానికి ఖాళీ పెన్ డ్రైవ్ కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే, దాంట్లో ఉన్నది ఆ అవ్వల గొంతుల నకలు. అసలు ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉంది కదా అని నకలు తుడిచేశాను. తర్వాత డిస్కును ముక్కలుగా చూపించే చోట మొదట్లోనే వంద ఎంబీల చిన్న ముక్క ఒకటి కనిపించింది. దానికి పేరు లేదు. నేను దాచుకున్నదేదీ అందులో లేదు. ఇంత ఇరుకు తునకతో ఎవరికేం పని అని దాన్నీ తీసేశాను. చివర్లో ఆ యంత్రం, ఉండవలసినదొకటి లేదు, అయినా ముందుకు పోవాలా అని అడిగింది. పో అన్నాను.

మళ్ళీ ఆన్ చేస్తే, లేవడానికి ఏ పరికరమూ లేదని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. పాతదీ లేవలేదు, కొత్తదీ లేవలేదు. బజారులో షాపతను చూసి, మొత్తం తుడిచి కొత్తగా వేస్తామన్నాడు. లోపలున్నవి పోతాయట. నేను ఆ షాపు స్టూలు మీద కూర్చుని నోరు తెరవలేదంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి. మా లైబ్రరీ అటెండరు విని, “కాటా సారు దగ్గరికి పో మేడం” అంది.

నా వంతు వచ్చింది. “చదువు” అన్నారు.

“తిరిగి చూస్తే అయిపోయేదానికి నేను చదవడమెందుకు సార్?”

“నేను సూస్తే నాకు తెలుస్తాది. నువ్వు చదివితే నీకు గూడా తెలుస్తాది.”

“నేను నేర్చుకోవడానికి రాలేదు.”

“మరేటికొచ్చినావమ్మా, కొట్లాడనా?”

“అవసరమైతే అదీ చేస్తాను.”

లోపలి నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది. “కొట్లాడనీలేప్పా. నీకు ఎదురు మాట్లాడే మనిషి వచ్చి శానా దినాలాయ.” ఆమె ఒక రేకు డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది. దాని నిండా పెన్ డ్రైవ్‌లు. ఒక్కోదానికి ఒక దారం, దారానికి ముళ్ళు. ఒక ముడి, రెండు ముళ్ళు, మూడు ముళ్ళు.

“క్రైస్తవుల ఇంట్లో కూడా తాయెత్తులున్నాయే” అన్నాను.

“మిషన్లకు దిష్టి తగలకుండా” అని నవ్వుతూ, డబ్బాలో చేయి పెట్టి మూడు ముళ్ళది తీసి ఇచ్చారు. “ఇది పెట్టు, మిషను దీంతో లేస్తాది. ఏమేం చేసినావో చెప్పు.”

ఊరూ పేరూ మొదలుకుని అన్నీ చెప్పాను, ఆ చిన్న ముక్క తీసేసిన సంగతి తప్ప. ఎందుకు చెప్పలేదంటే, బెంచీ మీద మా కాలేజీ పిల్లలిద్దరు కూర్చుని ఉన్నారు. అంతే. అంతకంటే గొప్ప కారణం లేదు.

ఆయన చెప్పిన మాటలు టైపు చేస్తూ పోయాను. తెర మీద డిస్కు ముక్కల జాబితా వచ్చింది. చదవమన్నారు. చదివాను. రెండు, మూడు, నాలుగు.

“ఒకటి యాడ?” అన్నారు.

“లేదు సార్.”

“మొదట్నుంచీ ల్యాదా, నడమల పోయిందా?”

“మొదట్నుంచీ లేదనుకుంటాను. కంపెనీ వాళ్ళు పెట్టలేదేమో.”

ఆయన కాయలు ఒలవడం ఆపారు. వీధిలో ఎవరో స్కూటరు తోసుకుంటూ పోతున్నారు, ఆ చక్రం గరగర దూరమయింది. తర్వాత నెమ్మదిగా అన్నారు. “మొదట్నుంచీ ల్యాకపోతే దీని దారి వేరేనమ్మా. డిస్కు మొత్తం తుడిచి మళ్ళా రాయాల. లోపలుండేటివి వేరే యాడన్నా పెట్టుకున్యావు గదా? ఇంగోతూరి అడుగుతాండా. ఒకటి మొదట్నుంచీ ల్యాదా?”

ఆయన నన్ను పరీక్షించారో, నిజంగానే నమ్మారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నలుగురు అవ్వలు ఒకరి తర్వాత ఒకరు, మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని, నా కళ్ళ ముందు గట్టు దిగిపోతున్నట్టు అనిపించింది. అప్పటికీ నోటితో చెప్పడానికి మనసొప్పలేదు. తెర మీద ఖాళీ చోటు చూపించే వరస మీద వేలు పెట్టి, “ఇదిగో సార్, ఇక్కడ” అన్నాను.

“యాడ?”

“ఇక్కడ సార్. ఇటు తిరిగి చూడండి.” గొంతు పెంచాను. “వేలు పెట్టి చూపిస్తున్నాను కదా.”

ఆయన తిరిగారు. మొహం కంప్యూటరు వైపు కాదు, నా గొంతు వైపు పెట్టారు. “నీ వేలు నాకు కనపడదమ్మా” అన్నారు.

షుగరు వల్ల చూపు పోయి మూడేళ్ళయిందట. ఆ సందులో వాళ్ళకు తెలుసు, వచ్చే పిల్లల్లో కొందరికి తెలుసు. తెలియనివాళ్ళకు ఆయన చెప్పేవారు కాదు, వాళ్ళు అడిగేవారు కాదు. పెన్ డ్రైవ్‌ల దారాలకు ముళ్ళెందుకో అప్పుడు అర్థమైంది. చూపులేని మనిషి నా నోటి మాటను పట్టుకుని నడుస్తుంటే, ఇద్దరు పిల్లల ముందు నా పరువు కోసం ఆయన్ని గోతి వైపు నడిపించాను. గోతిలో పడేది నేనే అయినా సరే.

“నేనే తీసేశాను సార్. వంద ఎంబీల ముక్క. పనికిరాదనుకున్నాను” అన్నాను. పిల్లలు విన్నారు. విననీ.

ఆయన కోప్పడలేదు. “తప్పు చేసినానని చెప్పే పన్లేదమ్మా. చేసింది చెప్తే సాలు” అన్నారు. కొంచెం ఆగి, “అది బండిబాట లాంటిది. సేన్ల నడమ ఇడిసిపెడతారే, ఎవురి పేరు మీదా ఉండదు, దాంట్లో ఏమీ పండదు. దాని మీద నడిస్తేనే సేనికి పోయేది. సేను యాడికీ పోలా. నువ్వు బాట దున్నేసినావు.” మళ్ళీ ఒక కాయ ఒలిచారు. “మీది కమలాపురం పక్క అంటివి గదా. సేద్యం ఇండ్లోళ్ళు. మీ తట్టు అలవాటేలే. మా నాయన ఎకరాకు బాట అట్లనే పాయె. మా అమ్మ సద్ది మోసుకోని ఊరంతా సుట్టుకోని పోతాన్న్యాది.”

ఆ మాట ఆయన ఎండా వానా గురించి చెప్పినట్టు చెప్పారు. మా నాన్న ఏ గట్లు జరిపించారో, ఏ బాటలు కలిపించారో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ప్రతి మాటకూ బదులు చెప్పే నేను తల వంచుకుని, “ఏం టైపు చేయాలి సార్?” అని మాత్రం అడిగాను.

ఆ తర్వాత గంటసేపు ఆయన చెప్పడం, నేను కొట్టడం, తెర ఏమన్నదో చదివి వినిపించడం. ఖాళీ చోట కొత్తగా చిన్న ముక్క కోయించారు. దాన్ని పిలవడానికి పేరులా తాత్కాలికంగా ఒక అక్షరం పెట్టించారు. పాత సిస్టం లేచే దారిని అందులో మళ్ళీ రాయించారు. ఒక్కో ఆజ్ఞలో ఎక్కడ ఖాళీ వదలాలో, ఎక్కడ ఏటవాలు గీత పెట్టాలో అన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. ఒక లైను ఆయన, ఒక లైను నేను. అందులో ఏదో రాగం ఉన్నట్టు అనిపించింది.

టీ తెచ్చిన ఆయన భార్యతో ఆ మాటే అన్నాను. “చర్చి అలవాటు” అందామె. “మా పల్లెలో పెద్దోళ్ళకెవురికీ చదువు రాదు. ఈయప్ప చిన్నపిల్లోడు. పుస్తకం పట్టుకోని పాటలో ఒక లైను గెట్టిగా చదివి ఆపేటోడు. అందరూ దాన్ని పాడేటోళ్ళు. మళ్ళా ఇంగో లైను. మా నాయన, ఈయప్ప గొంతు వినే నన్నిచ్చినాడు.”

“ఊరికే చెప్పద్దు. మీ నాయన మా పాడి ఎనుములు సూసి ఇచ్చినాడు” అన్నారాయన.

యంత్రం లేచింది. చుక్కలు గుండ్రంగా తిరిగాయి, నా పాత తెర వచ్చింది, పాటల ఫోల్డరు ఉన్నచోటే ఉంది. చదివి వినిపించడం మరిచి, లోపలి పాటలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆయన అడగలేదు. తెలిసిపోయినట్టుంది. “ఏముండాయి దాంట్లో, అంతగా?” అన్నారు. చెప్పాను. “ఒకటి పెట్టు, ఇందాం.”

పదిహేడో పాట పెట్టాను. నాకు అన్నిటికంటే ఇష్టమైంది. పాడిన అవ్వ ఆ లేని నలుగురిలో ఒకరు. ఎండలో గట్టు ఎక్కుతున్నట్టు, ప్రతి పాదం ముందూ కొంచెం ఆగి, ఊపిరి తీసుకుని అందుకునే పాట. ఆ ఆగడం తట్ట బరువు వల్ల వచ్చిన లయ అని నేను ఒక అధ్యాయమే రాశాను. వసారాలో ఆకుపచ్చ వెలుగులో ఆ గొంతు తేలుతూ పోయింది. పిల్లలు కదలకుండా విన్నారు.

“ఆపు” అన్నారాయన. “ఎనక్కి పో. ఆయమ్మ ఆగిన్యాడ ఇను.”

విన్నాను. గాలి చప్పుడు.

“గాలి గాదు. ఎవురో అందిస్తాండారు. ఆయమ్మకు పాట రాదు. ఇంగొకామె ఎనక కూసోని ముందుగాల గుసగుసగా చెప్తాంది. అది ఇని ఈయమ్మ పాడతాంది.”

మూడుసార్లు విన్నాను. నాలుగోసారి వినిపించింది. నేను యంత్రం పెట్టి తీసేద్దామనుకున్న ఆ గాలి చప్పుడులోనే ఒక మనిషి ఉంది.

“ఆయమ్మ ఎవురో కనుక్కో” అన్నారు. “పాట ఆయమ్మది.”

కనుక్కుంటానన్నాను. ఒక అధ్యాయం మొత్తం కూలిపోతుందని అప్పుడే లెక్క కట్టుకున్నాను కూడా. తర్వాత పరీక్షలొచ్చాయి, వాల్యుయేషన్ వచ్చింది, ఎండలొచ్చాయి. రెండుసార్లు ఫోన్ చేశారు. నమస్కారాలు, కుశలాలు ఏమీ ఉండవు. “ఆలూరుకు పోయినావా?” అనేవారు. “పోతాను సార్.” “సరే.” పెట్టేసేవారు. నా మీద నాకు కోపం వచ్చినప్పుడు అవతలివాళ్ళ మీద అరవడం నా అలవాటు. రెండోసారి ఆయన మీదా అరిచాను. “మీకేం సార్, మీరు వసారాలో కూర్చుని అంటారు. తిరగాల్సింది నేను” అన్నాను. “నిజమే” అన్నారు.

ఆ మాట అన్న నాలుగు నెలలకు, థీసిస్ ఇచ్చేయడానికి మూడు వారాలు ఉందనగా, ఉండబట్టలేక వెళ్ళాను. ఎర్రటి నేల మీద ఎండ పొగలా లేచి, దూరంగా ఉన్న ఊరు నీళ్ళ మీద ఊగుతున్నట్టు ఉంది. ఆ అవ్వ ఇంటి ముందు ఆమె కోడలు, తలంతా నెరిసిన మనిషి, కొర్రలు చెరుగుతూ ఉంది. ఫోనులో పాట వినిపించాను. తొలి పాదం కాకముందే ఆమె పెదవులు కదిలాయి.

“అత్తకు మతిమరుపమ్మా” అంది. “నేను అందిస్తాంటిని. మా అమ్మ పాట అది. మట్టి పనికి పోయినప్పుడు మా అమ్మ కట్టింది.”

“అప్పుడు నాతో ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు అత్తను అడుగుతాంటివి. నన్ను మంచినీళ్ళు అడిగితివి, ఇచ్చినా.”

ఆమె ముందు కూర్చుని పాట మొత్తం ఆమె గొంతుతో ఎక్కించుకున్నాను. ఎక్కడా ఆగలేదామె. ఆపు లేని పాట అది. కొండ మీద నీడ కదిలినట్టు ఒకే వరసగా సాగింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరకగానే కాటా సారుకు ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. “ఆయప్ప పోయి పదకొండు దినాలాయమ్మా” అంది. బస్సు ఏదో ఊళ్ళో ఆగి, జనం దిగి, జనం ఎక్కి, మళ్ళీ కదిలింది. ఆమె ఫోన్ పెట్టేయలేదు. “యాడుండావు?” అంది.

“ఆలూరు నుంచి వస్తున్నానమ్మా. ఆ మనిషి దొరికింది.”

“దొరికిందా?” అంది. మళ్ళీ, “పేరేమంట?” అంది. చెప్పాను. ఆమె ఆ పేరును రెండుసార్లు, జాగ్రత్తగా, తనలో తాను అనుకుంది.

అధ్యాయం కొట్టేసి మళ్ళీ రాశాను. మూడు వారాలు చాలలేదు, గడువు పొడిగించుకున్నాను. పదిహేడో పాట కింద అత్త పేరూ కోడలి పేరూ రెండూ పెట్టి, కోడలిది ముందు రాశాను. కర్నూలులో మా గైడు గారు ఒప్పుకోలేదు. రికార్డింగులో వినపడని మనిషికి మొదటి పేరు ఎట్లా ఇస్తామమ్మా, అడిగితే ఏం చూపిస్తావు అన్నారు. కోడలి గొంతులో పాట ఉందన్నాను. అది తర్వాత నేర్చుకున్నదంటారు అన్నారు. నాతో వాదించి గెలిచినవాళ్ళు తక్కువ, ఆయన వాళ్ళలో ఒకరు. అందుకని వాదించలేదు. ఇయర్‌ఫోన్లు తీసి ఆయన ముందు పెట్టి, పాత రికార్డింగు మొదటి నుంచి నడిపించాను.

మొదటిసారి విని తల అడ్డంగా ఊపారు. రెండోసారి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. మూడోసారి కళ్ళు మూసుకున్నారు. ఫ్యాను గాలికి నా థీసిస్ కాగితాలు లేచి లేచి పడుతున్నాయి. పాట అయిపోయాక ఇయర్‌ఫోన్లు తీసి నా వైపు జరిపారు. తర్వాత పెన్ను మూత తీశారు.

“ఈమె ఇంటిపేరు రాసుకున్నావా?” అన్నారు.